పాడేవాళ్లకి, వాయించేవాళ్లకి సోషల్ మీడియా ప్రొఫైల్: విజయవాడ, గుంటూరు కళాకారులు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్ణాటక సంగీతం పాడేవాళ్లు, సినిమా పాటల ఆర్కెస్ట్రాలు, సన్నాయి మేళాలు, భజన బృందాలు, సొంత పాటలు కట్టుకునే కుర్రాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. యాప్‌లలో బటన్ల చోటు తరచూ మారుతుంటుంది కాబట్టి ఏది ఎక్కడ నొక్కాలనేది తగ్గించి, ఏం చేయాలి, ఎందుకు చేయాలి అన్నదే ఎక్కువగా రాశాం.

ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఫేస్‌బుక్, వాట్సాప్... అన్నిటిలోనూ అకౌంట్ తెరవాలా?

పేరు ఇంకెవరూ తీసుకోకుండా అన్నిటిలోనూ తెరిచి ఉంచండి. పని చేయడానికి మాత్రం రెండు చాలు. శాస్త్రీయ సంగీతం, హరికథ, భజన వాళ్లకి యూట్యూబే ఇల్లు. వినేవాళ్లలో పెద్దవాళ్లు ఎక్కువ, వాళ్లు టీవీలో యూట్యూబ్ పెట్టుకుని గంటసేపు వింటారు. దానికి తోడు వాట్సాప్ ఛానల్ ఒకటి ఉంటే సరిపోతుంది. సినిమా పాటలు, సొంత పాటల వాళ్లు ముందు ఇన్‌స్టాగ్రామ్, వెనక యూట్యూబ్ చూసుకోవాలి. పెళ్లిళ్లకి వాయించే మేళాలకి ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌తో పాటు వాట్సాప్ బిజినెస్ తప్పనిసరి.

టిక్‌టాక్ సంగతి ఇంకా అడిగేవాళ్లున్నారు. అది మన దేశంలో 2020 జూన్ నుంచి నిషేధంలో ఉంది. పాత ఫ్లెక్సీల మీద ఆ గుర్తు ఇంకా ఉంటే తీసేయండి.

అకౌంట్ పేరు ఎలా పెట్టుకోవాలి?

ఇన్‌స్టాగ్రామ్‌లో పేర్లు రెండుంటాయి. ఒకటి యూజర్‌నేమ్. అందులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, కింద గీత తప్ప మరేవీ కుదరవు. రెండోది ప్రొఫైల్ మీద పెద్దగా కనిపించే పేరు. ఇది తెలుగులో పెట్టుకోవచ్చు, సెర్చ్‌లోనూ దొరుకుతుంది. చాలామంది రెండిట్లోనూ ఒకే పేరు పెట్టేసి రెండో అవకాశాన్ని వదిలేసుకుంటారు. రెండోదాంట్లో పేరుతో పాటు చేసే పనీ ఊరూ చేర్చండి: "ఫలానా, వయొలిన్, గుంటూరు" అన్నట్టు. గుంటూరులో వయొలిన్ వాయించేవాళ్ల కోసం వెతికేవాళ్లకి మీ పేరు తెలియదు కదా. ఈ పేరును 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి ముందే కాగితం మీద రాసుకుని చూసుకోండి.

యూజర్‌నేమ్‌లో మన తెలుగువాళ్లకి ఉండే చిక్కు స్పెల్లింగు. వెంకటేశ్వర్లు, లక్ష్మి లాంటి పేర్లని ఇంగ్లీషులో తలా ఒక రకంగా రాస్తారు. ఆహ్వాన పత్రికల మీద, ఆకాశవాణి కాంట్రాక్టు కాగితాల మీద ఇప్పటిదాకా మీ పేరు ఏ స్పెల్లింగుతో పడిందో దాన్నే అన్ని యాప్‌లలోనూ వాడండి. న్యూమరాలజీ కోసం అదనపు అక్షరాలు తగిలిస్తే వెతికేవాళ్లు ఆ అక్షరాలు కొట్టరు. పేరు చివర పుట్టిన సంవత్సరం, వరుసగా మూడు కింద గీతలు ఉంటే ఫోన్‌లో నోటితో చెప్పలేరు. మైకులో యాంకర్ ఒక్కసారి చెబితే జనం టైప్ చేసుకోగలగాలి.

బయోలో ఏం రాయాలి?

ఇన్‌స్టాగ్రామ్ బయోకి 150 అక్షరాల హద్దు ఉంది. తెలుగులో రాస్తే ఇది చాలా ఇరుకు. ఒత్తులు, గుణింతాలు కూడా విడిగా లెక్కలోకి వస్తాయి. "లక్ష్మి" కంటికి రెండక్షరాలే, ఫోన్ లెక్కలో ఏడు.

ఎక్కువగా కనపడే బయో ఇలా ఉంటుంది: "సంగీతమే నా ప్రాణం. కళామతల్లి ముద్దుబిడ్డ. మీ ఆదరాభిమానాలే నాకు శ్రీరామరక్ష." ఇది చదివాక ఆ మనిషి పాడతారో, వాయిస్తారో, ఏ ఊళ్లో ఉంటారో, కచేరీకి పిలవాలంటే ఎవరిని అడగాలో ఒక్కటీ తెలియలేదు. అదే చోట ఇలా రాయొచ్చు:

కర్ణాటక గాత్రం, విజయవాడ
కచేరీలు, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు
ప్రతి శుక్రవారం ఒక కృతి
బుకింగ్ వాట్సాప్ కింద లింకులో

ఖాళీలతో కలిపి 110 దాటదు. మిగిలిన చోటులో గురువుగారి పేరు గానీ, ఆకాశవాణి గ్రేడ్ ఉంటే అది గానీ పెట్టుకోండి. బిరుదులు నాలుగైదు ఉన్నవాళ్లు ఒక్కటి ఉంచుకుంటే చాలు, మిగతావి ఆహ్వాన పత్రికలో ఎలాగూ పడతాయి. మూడో లైను మాత్రం తీసేయకండి. ఫాలో నొక్కితే తమకేం వస్తుందో చెప్పే లైను అదొక్కటే. శుక్రవారం అని రాశాక శుక్రవారం రాకపోతే ఆ లైను రాయకపోవడమే నయం.

లింకులు ఐదు దాకా పెట్టుకోవచ్చు. మొదట వాట్సాప్, తర్వాత యూట్యూబ్. మిగతావి ఎవరూ నొక్కరు.

ప్రొఫైల్ ఫోటో, కవర్ ఫోటో ఎలా ఉండాలి?

ప్రొఫైల్ ఫోటో ఏ యాప్‌లోనైనా గుండ్రంగా, బఠాణీ గింజంత కనపడుతుంది. వీణ మొత్తం పట్టేలా తీసిన ఫోటోలో మనిషి ముఖం కనపడనే కనపడదు. భుజాల నుంచి పైకి, వాద్యంలో ఒక్క భాగం మాత్రం ఫ్రేములోకి వచ్చేలా తీయించండి: వీణైతే బిరడలు, మృదంగమైతే మూత మీద చెయ్యి, సన్నాయి అయితే పీక పట్టుకున్న పెదవులు. వెనక గోడ ఒకే రంగుది అయితే మంచిది.

యూట్యూబ్ కవర్ 2560 × 1440 పిక్సెల్స్‌లో తయారు చేయాలి. అయితే ఫోన్‌లో కనపడేది నడిమధ్య 1546 × 423 ముక్క మాత్రమే, మొత్తం కనపడేది టీవీలో. ఫ్లెక్సీ డిజైన్ చేసేవాళ్లు అలవాటు కొద్దీ ఫోన్ నంబరు కింద మూలన వేస్తారు. అది తెగిపోతుంది. పేరు, వాద్యం, ఊరు ఆ నడిమి ముక్కలోనే ఉండాలని ముందే చెప్పండి.

ప్రొఫైల్‌లోకి వచ్చినవాళ్లకి మొదట ఏం కనపడాలి?

ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు పోస్టులు పైన పిన్ చేసుకోవచ్చు. మొదటిది మీరు బాగా పాడిన 40 సెకన్లు. రెండోది జనం ముందు పాడినది, శ్రోతల తలలూ చప్పట్లూ కనపడేలా. ఇంట్లో ఎంత బాగా పాడినా పిలిచేవాళ్లకి స్టేజి మీద నిలబడగలరా అన్న అనుమానం ఉంటుంది. మూడోది వివరాలు: బృందంలో ఎంతమంది, ఎన్ని గంటలు, మైక్ సెట్ మీదా వాళ్లదా.

యూట్యూబ్‌లో సబ్‌స్క్రైబ్ చేయనివాళ్లకి ఒక వీడియో, చేసినవాళ్లకి మరొకటి ముందు చూపించే సదుపాయం ఉంది. చేయనివాళ్లకి రెండు నిమిషాల లోపు వీడియో పెట్టండి. ప్లేలిస్టులు "నా పాటలు 1", "నా పాటలు 2" అని కాకుండా వాగ్గేయకారుల వారీగా, రాగాల వారీగా, పండగల వారీగా కట్టండి.

రీల్ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతసేపుండాలి?

శృతి పెట్టెతో మొదలుపెట్టొద్దు. "అందరికీ నమస్కారం, నేను మీ..." అనీ వద్దు, తిరిగే లోగో అసలే వద్దు. వేలు పైకి తోయడానికి రెండు సెకన్లు చాలు, ఆ రెండు సెకన్లలో గొంతు వినపడాలి.

పాటలో ఎక్కడ కోయాలన్నది సంగీతం తెలిసినవాళ్లు చేయాల్సిన పని, ఎడిటింగ్ కుర్రాడికి వదిలేయకండి. కృతి అయితే పల్లవి మొదటి సంగతి (ఒకే లైనుని మార్చి మార్చి పాడే ఒక్కో తీరు) దగ్గర కాకుండా మూడో నాలుగో సంగతి దగ్గర మొదలుపెట్టి, సంగతులు ఒకదాని మీద ఒకటి పెరుగుతూ పోయి, పల్లవి ఎత్తుగడకి తిరిగి వచ్చేదాకా ఉంచండి. 30 నుంచి 45 సెకన్లలో సరిపోతుంది. తిరిగి ఎత్తుగడకి రావడంతో ఆగితే రీల్ మళ్లీ మొదటి నుంచి తిరిగినప్పుడు అతుకు తెలియదు, విన్నవాళ్లు రెండోసారి కూడా వింటారు. స్వరకల్పన అయితే చివరి రెండు ఆవర్తాలు (తాళం చుట్లు) చాలు. మృదంగం, ఘటం వాళ్లు తనియావర్తనంలో (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) కోర్వై, అంటే మూడుసార్లు వాయించి ముగించే వరస, మాత్రమే తీసుకోండి: మూడుసార్లూ పూర్తిగా ఉండాలి, సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడ్డాక ఒక్క సెకను నిశ్శబ్దం ఉండాలి. సమానికి ముందు కోసేసిన రీళ్లు బోలెడు కనపడుతున్నాయి. అది తుమ్ము వచ్చి ఆగిపోయినట్టుంటుంది.

సినిమా పాటల వాళ్లు చరణం చివరి లైను నుంచి పల్లవిలోకి వచ్చే మలుపు తీసుకుంటే మంచిది.

ఫ్రేము నిలువుగా, 1080 × 1920. సాహిత్యం తెలుగులో తెర మీద వేయండి, కానీ కింది భాగంలో వేయొద్దు. అక్కడ క్యాప్షన్, కుడి పక్కన లైకు గుర్తులు దాన్ని కప్పేస్తాయి. చాలామంది ఫోన్ మ్యూట్‌లో పెట్టి చూస్తారు, అక్షరాలు కనపడితేనే సౌండు పెంచుతారు. యూట్యూబ్ షార్ట్స్ 2024 అక్టోబర్ నుంచి మూడు నిమిషాల దాకా ఉండొచ్చు. ఉండొచ్చు కదా అని ఉంచక్కర్లేదు.

ఫోన్‌తో తీస్తే సౌండ్ పగులుతోంది, లేకపోతే దూరంగా వినపడుతోంది. ఏం చేయాలి?

పగలడానికి మామూలు కారణం మైకుకి మరీ దగ్గరగా ఉండడం. నాదస్వరం, డోలు, డప్పు వాయించేటప్పుడు ఫోన్ పది పన్నెండు అడుగుల దూరంలో, వాద్యం నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా పెట్టండి. రెండో కారణం ఫోన్ తనంతట తానే సౌండు పెంచడం, తగ్గించడం. డోలు దెబ్బ పడగానే మొత్తం తగ్గించేస్తుంది, సన్నాయి ఒక్క క్షణం మాయమై మళ్లీ వస్తుంది. గెయిన్ (మైకు సౌండుని ఎంత తీసుకోవాలన్న అమరిక) చేత్తో పెట్టుకునే కెమెరా యాప్ వాడి, అన్నిటికంటే గట్టిగా వాయించే చోట మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా చూసుకోండి.

స్టేజి మీదైతే మిక్సర్ నుంచి తీసుకుంటే బాగుంటుందని అందరూ అనుకుంటారు. అందులో రెండు గోతులున్నాయి. మొదటిది, మిక్సర్ అవుట్ బలమైన లైన్ సిగ్నల్. ఫోన్ హెడ్‌సెట్ రంధ్రం మైకు స్థాయి సిగ్నల్ కోసం చేసినది. మామూలు వైరుతో కలిపితే మొదటి నుంచి చివరిదాకా పగిలిన సౌండే వస్తుంది, ఇంటికి వెళ్లాక ఏ యాప్‌తోనూ బాగుపడదు. సిగ్నల్ తగ్గించే కేబుల్ గానీ, ఫోన్‌కి తగిలించే చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ గానీ మధ్యలో ఉండాలి.

రెండోది చాలామందికి ఇంటికొచ్చాక గానీ తెలియదు. చిన్న హాల్లో డోలు, డ్రమ్స్, నాదస్వరం మైకు లేకపోయినా వినపడతాయి కాబట్టి సౌండ్ ఆయన బాక్సుల్లో వాటిని తక్కువ పెడతాడు. హాల్లో అన్నీ సమంగానే ఉంటాయి. మిక్సర్ రికార్డింగులో మాత్రం గొంతు ఒక్కటే మీద పడుతుంది, డోలు పక్క వీధిలో ఉన్నట్టుంటుంది. మందు రెండు రకాలు. మిక్సర్‌లో ఖాళీగా ఉన్న ఆక్స్ లైన్‌లో (బాక్సులతో సంబంధం లేకుండా విడిగా సౌండు పంపే దారి) రికార్డింగ్ కోసం వేరే మిక్స్ కట్టమని సౌండ్ ఆయన్ని ముందుగా, కాఫీ ఇచ్చి అడగడం ఒకటి. మిక్సర్ రికార్డింగుతో పాటు హాల్లో ఇంకో రికార్డరు పెట్టి రెండూ కలపడం ఇంకొకటి. కలిపేటప్పుడు హాల్లో పెట్టిన రికార్డరు వెనకపడుతుంది, సౌండు సెకనుకి సుమారు 343 మీటర్లే ప్రయాణిస్తుంది మరి. 30 అడుగుల దూరానికి దాదాపు 27 మిల్లీసెకన్లు. మొదట్లో ఒక చప్పట కొట్టించి, ఎడిటింగులో ఆ రెండు చప్పట్లనీ ఒకదాని మీద ఒకటి పెట్టండి. రికార్డింగ్ శాంపిల్ రేటు అన్ని పరికరాల్లోనూ 48 కిలోహెర్ట్జ్ అనే పెట్టుకోండి.

ఇంట్లో తీస్తే శత్రువు పాలరాయి. నేల, గోడ, అద్దాల కిటికీ ఉన్న హాలు మానేసి పరుపు, బట్టల బీరువా ఉన్న పడకగదిలో పాడండి. ఫ్యాన్ ఆపాలి. మే నెల బెజవాడలో ఫ్యాన్ ఆపి పాడమనడం పాపమే, అందుకే తెల్లవారుజామున తీసుకోండి, వీధిలో హారన్లు కూడా ఉండవు. తర్వాత ఎకో కలపడం మన ఆర్కెస్ట్రాల పాత జబ్బు. సాహిత్యం మాట మాటకీ తెలియకపోతే ఎకో ఎక్కువైనట్టే.

వీడియోలో లైట్ల కింద చారలు పాకుతుంటే షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్.

కచేరి మొత్తం పెట్టాలా, ముక్కలా?

రెండూ. మొత్తం కచేరిని యూట్యూబ్‌లో పెట్టి వివరణలో టైములు రాయండి. మొదటి టైము 0:00 అయి ఉండాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కో భాగం పది సెకన్లకు తగ్గకూడదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా భాగాలుగా విడిపోదు. ఆ తర్వాత ఒక్కో కృతినీ విడి వీడియోగా పెట్టండి. వెతికేవాళ్లు కచేరి కోసం వెతకరు, కృతి కోసం వెతుకుతారు.

శీర్షికకి హద్దు 100 అక్షరాలు, ఫోన్‌లో మొదటి సగమే కనపడుతుంది. అందుకని కృతి ఎత్తుగడ, రాగం ముందు రావాలి, మీ పేరు తర్వాత, వేదిక పేరు, తేదీ వివరణలోకి. చాలామంది తలకిందులుగా, సభ పేరూ వార్షికోత్సవాల సంఖ్యా ముందు పెడతారు. కృతి పేరు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఉండాలి. తెలుగు వచ్చినా తెలుగులో టైప్ చేయనివాళ్లే ఎక్కువ. పక్కవాద్యాల వాళ్ల పేర్లు వివరణలో తప్పకుండా రాయండి. మర్యాద ఎలాగూ అదే, పైగా వాళ్ల పేరు వెతికినవాళ్లకి కూడా మీ వీడియో దొరుకుతుంది.

సినిమా పాట పాడి పెడితే ఛానల్ పోతుందా?

క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. ఈ రెండూ కలిపేసుకుని భయపడేవాళ్లు చాలామంది.

యూట్యూబ్ కంటెంట్ ఐడీ అనే యంత్రం మీ పాటని గుర్తుపడితే అది క్లెయిమ్. ఎక్కువసార్లు వీడియో ఉంటుంది, ప్రకటనల డబ్బు హక్కుదారు కంపెనీకి వెళ్తుంది, ఛానల్‌కి మచ్చ పడదు. కంపెనీ కావాలనుకుంటే వీడియోని మన దేశంలో కనపడకుండా ఆపేయగలదు. హక్కుదారు చట్ట ప్రకారం వీడియో తీసేయమని అడిగితే అది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ మూతపడుతుంది.

పాటలో హక్కులు పొరలు పొరలుగా ఉంటాయి. సాహిత్యానికీ బాణీకీ ఒక హక్కు, అసలు రికార్డింగుకి మరొక హక్కు. మీ గొంతుతో, మీ వాద్యాలతో పాడితే రెండోది తగలదు, మొదటిది మాత్రం ఉంటుంది. కరోకే ట్రాక్ మీద పాడితే ఆ ట్రాక్ చేసినవాళ్ల హక్కు కూడా తోడవుతుంది, ఎక్కడి నుంచి డౌన్‌లోడ్ చేశారన్నదే అక్కడ ప్రశ్న. స్టేజి మీద అసలు పాట బాక్సుల్లో మోగుతుండగా తీసిన వీడియోకి ముప్పు అన్నిటికంటే ఎక్కువ. ఇన్‌స్టాగ్రామ్ అయితే సౌండు తీసేసి మూగ వీడియో మిగులుస్తుంది.

పెళ్లి ఊరేగింపులో వాయించడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, కాబట్టి వీడియోకీ వర్తిస్తుందని వాదించేవాళ్లున్నారు. ఆ మినహాయింపు వేడుకలో వాయించడానికి. దాన్ని నెట్‌లో పెట్టడం వేరే పని, యంత్రానికి మీ ముహూర్తంతో నిమిత్తం లేదు.

త్యాగరాజ కీర్తన పాడితే కూడా క్లెయిమ్ వచ్చింది. ఇదెక్కడి న్యాయం?

న్యాయం కాదు, యంత్రం పొరపాటు. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు. మన చట్టంలో రచయిత హక్కు ఆయన జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. కాబట్టి సాహిత్యం, బాణీ అందరివీ. కానీ ఏదో ఆడియో కంపెనీ అదే కీర్తన రికార్డింగుని కంటెంట్ ఐడీలో చేర్చి ఉంటుంది. అదే రాగం, అదే శృతి, అవే సంగతులు కాబట్టి యంత్రం మీది వాళ్లదే అనుకుంటుంది. తంబురా నాదంతో మొదలయ్యే వీడియోలకి ఇది ఇంకా ఎక్కువ.

అభ్యంతరం వేయండి. పబ్లిక్ డొమైన్ అన్న కారణం ఎంచుకుని, వాగ్గేయకారుడి పేరు, మరణించిన సంవత్సరం, ఇది మీ సొంత గానమని, ఫలానా తేదీన ఫలానా చోట రికార్డు చేశారని రాయండి. అవతలివాళ్లకి 30 రోజుల గడువు ఉంటుంది. వాళ్లు పలకకపోతే క్లెయిమ్ పోతుంది. తిరస్కరిస్తే అప్పీలు చేయొచ్చు, దానికి వాళ్లు 7 రోజుల్లో జవాబివ్వాలి. అప్పీలు కూడా కాదని వీడియో తీయించేస్తే అది స్ట్రైక్ అవుతుంది. అందుకే మీరు పాడింది నిజంగా పాత బాణీయేనా అని ముందు చూసుకోవాలి.

ఈ జాగ్రత్త అన్నమయ్య విషయంలో మరీ అవసరం. సంకీర్తనల సాహిత్యం 15వ శతాబ్దానిది. మనం పాడే బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) వంటివారు, ఆ తర్వాతివారు స్వరపరచినవి. సాహిత్యం పాతది కాబట్టి బాణీ కూడా స్వేచ్ఛే అనుకోవడానికి లేదు. మీరే కొత్తగా స్వరపరచి పాడితే ఆ బాణీ మీది, ఆ మాట వివరణలో రాయండి.

బిజినెస్ అకౌంటా, క్రియేటర్ అకౌంటా?

ఇన్‌స్టాగ్రామ్‌లో కళాకారులకి క్రియేటర్. బిజినెస్ పెట్టుకుంటే పేరున్న పాటల లైబ్రరీ చాలావరకు అందదు. పెట్టేసినవాళ్లు సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, ఫాలోవర్లు పోరు.

వారానికి ఎన్ని పెట్టాలి? ఎప్పుడు పెట్టాలి?

వారానికి రెండు రీళ్లు, ఒక పూర్తి పాట. ఇది నిలబెట్టుకోగలిగితే చాలు, రోజూ పెట్టి రెండు నెలలకి అలిసిపోయేవాళ్లే ఎక్కువ.

ఇంగ్లీషు క్యాలెండర్‌తో పాటు పంచాంగం చూడండి. ఆషాఢం, పుష్యం శూన్యమాసాలు, పెళ్లిళ్లుండవు. రికార్డింగులన్నీ అప్పుడు చేసి దాచుకోండి. వినాయక చవితి, దసరా కార్యక్రమాలు ఖరారయ్యేది శ్రావణంలో, కాబట్టి అమ్మవారి పాటలు నవరాత్రుల రోజు కాకుండా శ్రావణ శుక్రవారాల్లోనే మొదలుపెట్టాలి. ఇంద్రకీలాద్రి మీద ఉత్సవాలు మొదలయ్యాక పెడితే పిలిచేవాళ్లు అప్పటికే ఎవర్నో పిలిచేసి ఉంటారు. కార్తీక సోమవారాలకి శివుడి పాటలు. ధనుర్మాసంలో తిరుప్పావై పాడేవాళ్లకి ముప్పై రోజులూ రోజుకొక పాశురం సిద్ధంగా ఉన్నట్టే. శ్రీరామనవమి పందిళ్లకి మాఘం నుంచే.

ఏ గంటలో పెట్టాలన్నది, యాప్ లెక్కలు చూపించే మీ ఇన్‌సైట్స్‌లో మీ ఫాలోవర్లు ఎప్పుడు ఎక్కువగా ఉంటున్నారో చూసి పెట్టండి. ఇంకొకరి గంట మీకు పనికిరాదు.

ఫాలోవర్లు వేలల్లో ఉన్నారు, హాల్లో కుర్చీలు ఖాళీ. ఎందుకు?

ఆ వేల మందిలో ఊళ్లో ఉండేవాళ్లెందరో ముందు చూడండి, ఇన్‌సైట్స్‌లో నగరాల వారీగా ఉంటుంది. మీ వాళ్లంతా హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్‌లలో ఉంటే తుమ్మలపల్లి కళాక్షేత్రం నిండదు.

ఊళ్లోవాళ్లని చేరడానికి ప్రతి పోస్టుకీ లొకేషన్ పెట్టండి. "విజయవాడ" అని ఊరి పేరుకంటే కచేరి జరిగిన చోటు పేరు మేలు: ఘంటసాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరం, బృందావన్ గార్డెన్స్ గుడి, ఇలా. ఆ చోటికి వచ్చిపోయేవాళ్లు ఆ పేరు నొక్కి చూస్తారు. పక్కవాద్యాల వాళ్లనీ సభవాళ్లనీ కొలాబ్‌కి పిలిస్తే ఒకే పోస్టు అందరి ప్రొఫైల్‌లోనూ కనపడుతుంది. ట్యాగ్ చేయడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

కచేరి ప్రకటన ఆహ్వాన పత్రిక ఫోటో పెట్టేస్తే అయిపోదు. అందులో ముఖ్య అతిథి పేరు పెద్దక్షరాల్లో, సమయం చీమ తలకాయంత ఉంటుంది. విడిగా ఒక బొమ్మ చేయండి: తేదీ, వారం, ఎన్ని గంటలకి, ఎక్కడ, ప్రవేశం ఉచితమా, బండి ఎక్కడ పెట్టుకోవాలి. పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఏం పాడబోతున్నారో చెప్పే రీల్, ఆ రోజు పొద్దున స్టోరీ. గుంటూరు నుంచి విజయవాడకి సుమారు 35 కిలోమీటర్లు. రాత్రి ఎన్నింటికి ముగుస్తుందో కూడా రాస్తే అక్కడివాళ్లు బయల్దేరాలా వద్దా అని తేల్చుకుంటారు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు, పైగా వాళ్ల ఫోన్‌లో మీ నంబరు సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. పంపించాం కదా, ఎవరూ రాలేదేమని బాధపడేవాళ్లకి కారణం చాలాసార్లు ఇదే. ఛానల్‌కి ఈ హద్దు లేదు. కచేరి చివర మంగళానికి ముందు, జనం లేవకముందే, ఛానల్ క్యూఆర్ కోడ్ తెర మీదో అట్ట మీదో చూపించండి.

మాది సన్నాయి మేళం. మాకు ఇవన్నీ దేనికి?

చిలకలూరిపేట వైపు నాదస్వర విద్వాంసులకి పేరు తరాలుగా ఉన్నదే. ఇప్పుడు మేళం మాట్లాడేది పెళ్లికూతురి అన్నయ్య, ఫోన్‌లో చూసి. అతను చూసేది మూడు: ఎంతమంది వస్తారు, పంచెలు కండువాలు ఒకే తీరుగా ఉంటాయా, ఎదురుకోలు, జీలకర్రబెల్లం, తలంబ్రాలప్పుడు ఏం వాయిస్తారు. ఈ మూడో దాన్ని ఒక్కో ఘట్టానికి ఒక్కో రీల్ చేసి హైలైట్స్‌లో పెట్టండి. పెళ్లివాళ్ల ముఖాలు పెట్టేముందు వాళ్లని అడగండి.

వాట్సాప్ బిజినెస్‌లో మొదటి మెసేజ్‌కి దానంతట అదే వెళ్లే జవాబు పెట్టుకోండి: "తేదీ, ఊరు, ముహూర్తం సమయం, ఎన్ని పూటలు, ఎంతమంది కావాలి అనేవి పంపండి." తెల్లవారుజామున మూడు గంటల ముహూర్తమని చివర్లో బయటపడితే రేటు గొడవ వస్తుంది, ముందే అడిగితే రాదు. క్యాటలాగ్‌లో ఐదుగురి మేళం, ఏడుగురి మేళం విడివిడిగా పెట్టండి. రేటు రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం. "ఇంత నుంచి మొదలు" అని రాస్తే అనవసరపు ఫోన్లు తగ్గుతాయి.

ఫాలోవర్లని కొనుక్కుంటే?

వద్దు. వాళ్లు వినరు. వినని వేలమంది ఉన్న అకౌంట్‌లో కొత్త రీల్ ముందుగా చూపించినవాళ్లే తోసేస్తే, యాప్ దాన్ని కొత్తవాళ్లకి చూపించడం తగ్గిస్తుంది.

డబ్బు కట్టి పోస్టుని బూస్ట్ చేయడం వల్ల ఉపయోగముందా?

అప్పటికే బాగా వెళ్తున్న రీల్‌కీ, తేదీ ఉన్న కచేరీకీ మాత్రమే. విజయవాడ మీద పిన్ పెట్టి 40 కిలోమీటర్ల వృత్తం గీస్తే మంగళగిరి, గుంటూరు, తెనాలి అన్నీ లోపలికి వస్తాయి. "భారతదేశం" అని వదిలేస్తే లైకులు చవగ్గా వస్తాయి, ఎక్కడివో తెలియదు. జీఎస్‌టీ 18 శాతం అదనం, లెక్కలో పెట్టుకోండి.

ఆడపిల్లలు పాడితే పిచ్చి కామెంట్లు, మెసేజ్‌లు. ఎలా?

సెట్టింగ్స్‌లో దాచాల్సిన మాటల జాబితా ఉంటుంది. అందులో తెలుగు బూతులు తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే నాలుగైదు రకాల స్పెల్లింగులతోనూ మీరే చేర్చాలి. యంత్రానికి మన తిట్లు అంతగా రావు. రిస్ట్రిక్ట్ చేస్తే అవతలివాడి కామెంట్ వాడికి తప్ప ఎవరికీ కనపడదు, వాడికి ఆ సంగతి తెలియదు కాబట్టి బ్లాక్ కంటే కొన్నిసార్లు అదే నయం. బుకింగ్‌కి సొంత నంబరు కాకుండా వేరే సిమ్ వాడండి. హాల్లో ఉండగా స్టోరీ పెట్టకుండా బయల్దేరాక పెట్టండి.

"అడ్వాన్స్ పంపిస్తాం, క్యూఆర్ స్కాన్ చేయండి" అంటున్నారు. నమ్మొచ్చా?

మోసం. డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు పోతోందని అర్థం. రేటు బేరమాడకుండా ఒప్పుకోవడం, రేపే కార్యక్రమం అని తొందరపెట్టడం దీని ఆనవాళ్లు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. "మీ అకౌంట్ కాపీరైట్ వల్ల మూసేస్తున్నాం, ఈ లింకు నొక్కండి" అని వచ్చే మెసేజ్ కూడా ఇదే జాతి. నిజమైన నోటీసు యాప్ లోపలే కనపడుతుంది. టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రక్షణ) ఈ రోజే పెట్టుకోండి.

బృందం అకౌంట్ ఎవరి చేతిలో ఉండాలి?

పాస్‌వర్డ్ అందరికీ చెప్పకండి. కీబోర్డు ఆయన విడిపోయి వెళ్తూ ఛానల్ కూడా పట్టుకుపోయిన బృందాలున్నాయి. యూట్యూబ్‌లోనూ ఫేస్‌బుక్ పేజీలోనూ పాస్‌వర్డ్ ఇవ్వకుండానే మేనేజర్, ఎడిటర్ హోదాలు ఇవ్వొచ్చు, తీసేయనూవచ్చు. యజమాని హోదా ఇద్దరికి ఉండాలి, ఒకరి ఫోన్ పోయినా రెండోవాళ్లుంటారు.

యూట్యూబ్ డబ్బులు ఎప్పుడొస్తాయి?

500 సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో మూడు వీడియోలు, ఏడాదిలో 3,000 గంటల వీక్షణ లేదా 90 రోజుల్లో 30 లక్షల షార్ట్స్ వ్యూస్ ఉంటే సూపర్ చాట్, మెంబర్‌షిప్ లాంటివి (చూసేవాళ్లే నేరుగా డబ్బిచ్చే దారులు) తెరుచుకుంటాయి. ప్రకటనల డబ్బుకి 1,000 సబ్‌స్క్రైబర్లు, 4,000 గంటలు లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. క్లెయిమ్ ఉన్న సినిమా పాటల మీద వచ్చే ప్రకటనల డబ్బు మీ చేతికి రాదనుకునే లెక్క వేసుకోండి.

సొంత పాటలున్నవాళ్లు డిస్ట్రిబ్యూటర్ (పాటని యాప్‌లకి చేరవేసే సంస్థ) ద్వారా అన్ని ఆడియో యాప్‌లలో విడుదల చేస్తే యూట్యూబ్‌లో అఫీషియల్ ఆర్టిస్ట్ ఛానల్ కూడా అడగొచ్చు. స్పాటిఫైలో ప్లేలిస్టుల కోసం పాటని విడుదలకి కనీసం ఏడు రోజుల ముందు పంపాలి, విడుదలయ్యాక పంపడానికి కుదరదు. రాసినవాళ్లు, స్వరపరచినవాళ్లు ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. పాడినందుకు కాదు, రచనకీ బాణీకీ రాయల్టీ వసూలు చేసే సంస్థ అది.

పని జరుగుతోందో లేదో ఏం చూసి తెలుసుకోవాలి?

లైకులు వదిలేయండి. రీల్ ఎంతమంది షేర్ చేశారు, ఎంతమంది దాచుకున్నారు, దాన్ని చూసి ప్రొఫైల్‌లోకి ఎంతమంది వచ్చారు, వచ్చినవాళ్లలో లింకు ఎందరు నొక్కారు. ప్రొఫైల్‌లోకి వచ్చి ఫాలో కాకుండా పోతున్నవాళ్లు ఎక్కువైతే లోపం పాటలో లేదు, బయోలోనో పిన్ చేసిన పోస్టుల్లోనో ఉంది. యూట్యూబ్‌లో ఎక్కడ వినడం ఆపేశారో గీత చూపిస్తుంది. మొదటి 30 సెకన్లలోనే గీత పడిపోతే పరిచయ ఉపన్యాసం కోసేయండి. మధ్యలో ఒక్క చోట గీత లేచిందంటే జనం అక్కడికి వెనక్కి వచ్చి మళ్లీ విన్నారన్నమాట. తర్వాతి రీల్ ఆ చోటే.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, బాగా పాడతాడు. ఛానల్ పెట్టొచ్చా?

మీ పేరుతో, మీ చేతుల్లో పెట్టొచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో 13 ఏళ్లు నిండని పిల్లల అకౌంట్ తల్లిదండ్రులు నడుపుతున్నామని బయోలో రాయాలి. యూట్యూబ్‌లో "పిల్లల కోసం" అన్న గుర్తు విషయంలో చాలామంది పొరపడతారు: పాడేది పిల్లాడా కాదా అన్నది అక్కడ ప్రశ్న కాదు, వినేది పిల్లలా అన్నది. పెద్దలు వినే కీర్తనకి ఆ గుర్తు పెడితే కామెంట్లు మూతపడతాయి, గంట గుర్తు నోటిఫికేషన్లు వెళ్లవు. స్కూలు యూనిఫాం వేసుకుని ఉన్న వీడియో మాత్రం వద్దు, ఏ బడో తెలిసిపోతుంది.